దూలం మీద తెల్లచార

జిలానీకి ఒకటే బాధ. లతీఫ్ షా గారి దగ్గరికి శిష్యుడిగా వచ్చి రెండేళ్లు దాటింది. ఇంతవరకు ఆయన ఒక్క పాఠం చెప్పలేదు.

గురువుగారు ఉండేది సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బ మీద ఉన్న చిన్న దర్గాలో. పొద్దున్నే వాకిలి ఊడవమంటారు. బావిలో నీళ్లు తోడమంటారు. దారిన పోయేవాళ్లు వస్తే గంజి పొయ్యమంటారు. అంతే.

జిలానీ ఏ పనీ చేతకాక ఫకీరుల పంచన చేరిన మనిషి కాదు. పదేళ్లు ఇళ్లకప్పులు నేసిన మేస్త్రీ. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఎన్ని పెంకుటిళ్లకు వాసాలు ఎక్కించాడో లెక్కలేదు. అతను కప్పు మీద నడుస్తుంటే పిల్లి నడిచినట్టుండేది. ఒక్క పెంకు చప్పుడయ్యేది కాదు. అలాంటి కాళ్లు ఇప్పుడు వాకిట్లో ఆకుల వెంట తిరుగుతున్నాయి.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"హజ్రత్, నాకెప్పుడు నేర్పుతారు?"

లతీఫ్ షా గారు పావురాలకు గింజలు చల్లుతున్నారు. "ఏం నేర్పమంటావు?"

"చూడటం నేర్పండి. కంటికి కనపడనిదాన్ని చూడటం."

"అలాగే," అన్నారాయన. గింజలు చల్లుతూనే ఉన్నారు.

ఆ మాట జరిగిన నెలకు తుఫాను వచ్చింది.

రెండు పగళ్లూ రెండు రాత్రులూ గాలి ఆగలేదు. దిబ్బ కిందనే గవ్వలపాలెం. నలభై ఒక్క ఇళ్లు, అన్నీ చేపలవేట వాళ్లవే. తుఫానుకు ముందే జనమంతా రెండు మైళ్ల అవతల, కాలవగట్టు మీది బడి భవనానికి వెళ్లిపోయారు. మూడోనాటి పొద్దున గాలి తగ్గింది. కానీ కాలవకు గండిపడి బడిలోకి నీళ్లొచ్చాయి. పిల్లల్ని భుజాలకెత్తుకుని, మోకాటి లోతు నీళ్లలో అందరూ తిరిగి పాలెం చేరారు.

అప్పుడే పాలెం పెద్ద తమ్మయ్య దిబ్బ ఎక్కి వచ్చాడు. నడుం దాకా బురద. రొప్పుతున్నాడు.

"బాబా, మా జనం వెనక్కొచ్చేశారు. అక్కడ ఉండే దారి లేదు. పొద్దుగూకేలోపు ఇంకో గాలి ఉందంట, రేడియోలో చెప్తున్నారు. ఏ ఇంట్లో ఉండొచ్చో ఏ ఇంట్లో ఉండకూడదో చూసి చెప్పే మనిషి కావాల. మీ శిష్యుడు కప్పుల మేస్త్రీ అంట గదా."

జిలానీ గుండె ఒక్కసారి గంతేసింది. చేతిలో చీపురు ఎప్పుడు జారిందో అతనికే తెలియదు. గురువుగారి ముఖంలోకి చూశాడు.

"వెళ్లు," అన్నారు లతీఫ్ షా గారు. "చూసి రా."

జిలానీ దిబ్బ దిగలేదు, దూకాడు.

ఒక ముంతలో సున్నం కలిపించాడు. ఇంకో ముంతలో జేగురు. తెల్లగుర్తు వేసిన ఇంట్లోకి వెళ్లొచ్చు. ఎర్రగుర్తు వేసిన ఇంటి గడప తొక్కకూడదు. ఇద్దరు జాలర్లు నిచ్చెన మోస్తున్నారు. వాళ్లు దాన్ని ఆనించేలోపే అతను చూరు పట్టుకుని పైకి ఎగబాకుతున్నాడు.

ఎన్నాళ్లకు. పాదాల కింద తడి పెంకులు, ముఖానికి ఉప్పుగాలి, కింద పాలెం మొత్తం తలలెత్తి చూస్తోంది. ఎగిరిపోయిన పెంకులెన్నో ఒక్క చూపులో లెక్కకట్టాడు. పగిలిన కొప్పు పెంకులు వేలితో తట్టి పట్టేశాడు. ఒక ఇంటి చూరు మీంచి పక్కింటి చూరు మీదికి దాటుతుంటే కింద ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"తెలుపు," అని పైనుంచి కేకేస్తాడు. కింద మనిషి గోడ మీద సున్నం గుర్తు వేస్తాడు. ఆ ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

"ఎరుపు." ఆ ఇంటివాళ్లు మూటలు సర్దుకుంటారు.

నడినెత్తికి పొద్దెక్కేసరికి నలభై ఒక్క ఇళ్లూ అయిపోయాయి. ఇరవై నాలుగు తెలుపు, పదిహేడు ఎరుపు. పాలెం మొత్తంలో గట్టిగా తేలింది కోటమ్మ ఇల్లు. కోటమ్మ డెబ్బై ఏళ్ల మనిషి, ఒంటరిది. మొగుడు బతికున్న రోజుల్లో పెద్ద టేకు దూలం వేయించి కట్టిన ఇల్లు అది. ఇన్ని గాలులకు దాని మీద ఒక్క పెంకు కూడా కదల్లేదు.

అందుకని ఎర్రగుర్తు పడ్డ ఇళ్లలోని పిల్లలందర్నీ తమ్మయ్య అక్కడికి తోలించాడు. ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్లతోపాటు ఇద్దరు బాలింతలు.

జిలానీకి ఎవరో పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చారు. ఇంకెవరో చేతుల మీద నీళ్లు పోశారు. "ఒక్క పూటలో నలభై ఒక్క ఇళ్లు," అని తమ్మయ్య నలుగురికీ చెబుతున్నాడు. జిలానీకి ఆకలి తెలియడం లేదు. చెవుల్లో గాలి హోరు ఇంకా తీయగా మోగుతోంది.

అప్పుడు లతీఫ్ షా గారు చేతికర్ర ఆనించుకుంటూ దిబ్బ దిగి వచ్చారు.

జిలానీ ఎదురు వెళ్లాడు. "హజ్రత్, అన్నీ చూశాను. ఒక్కటి కూడా మిగల్లేదు."

"అన్నిటికన్నా గట్టిది ఏది?"

"ఇదిగో, కోటమ్మగారిది. ఒక్క పెంకు జరగలేదు."

"అయితే అందులో కాసేపు నడుం వాలుద్దాం," అన్నారు గురువుగారు.

ఆయన గుమ్మంలో ఆగి, "తల్లీ, లోపలికి రావచ్చా?" అని అడిగారు. కోటమ్మ చాటలోని బియ్యం పక్కన పెట్టి లేచింది. "రండి బాబా, అడగాలా," అంటూ చాప పరిచింది. ఆయన నెమ్మదిగా నడుం వాల్చి, వెల్లకిలా పడుకుని, కర్ర పక్కన పెట్టుకున్నారు. చుట్టూ పిల్లలు కిలకిలా నవ్వారు.

"నువ్వూ రా, జిలానీ."

"హజ్రత్, ఎర్రగుర్తు ఇళ్లకు పెంకులు ఏరించాలి. గాలి వచ్చేలోపు..."

"రా."

జిలానీ పడుకున్నాడు. వీపు చాపకు ఆనింది గాని మనసు ఇంకా కప్పుల మీదే పరిగెడుతోంది. ఎక్కడ ఎన్ని పెంకులు దొరుకుతాయి, ఏ పడవలో తాళ్లున్నాయి, ఎవరికి ఏం పురమాయించాలి. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. గురువుగారు కప్పు వంక చూస్తున్నారు.

ఆయనకు నమ్మకం కలగలేదేమో అనిపించింది జిలానీకి.

"అమ్మా, తలుపు మూయండి," అన్నాడు కోటమ్మతో. ఆమె మూసింది. కిటికీ రెక్కలు కూడా మూయించాడు. ఇల్లంతా చీకటైంది. "చూడండి హజ్రత్. ఎక్కడైనా పెంకు సందు విడితే అక్కడ చుక్కలా వెలుతురు రావాలి. ఒక్క చుక్కైనా ఉందా?"

నిజమే, ఒక్క చుక్క లేదు. జిలానీ చీకట్లోనే నవ్వుకున్నాడు.

గురువుగారు చాప మీంచి లేవలేదు.

కోటమ్మ తలుపు తెరిచింది. వాకిట్లోంచి వెలుతురు అడ్డంగా వచ్చి దూలం మీద పడింది. నలభై ఏళ్ల పొయ్యి పొగకు నల్లగా, నున్నగా మెరుస్తున్న దూలం. ఆ నలుపు వెంట జిలానీ కళ్లు ఊరికే నడిచాయి. ఈ గోడ దగ్గర మొదలుపెట్టి, నడిమధ్యకు వెళ్లి, పడమటి గోడ దాకా.

అక్కడ ఆగిపోయాయి.

గోడను ఆనుకుని, దూలం మీద బెత్తెడు వెడల్పున ఒక చార ఉంది. నల్లగా లేదు. తేనెరంగులో, నిన్న కోసిన చెక్కలా ఉంది.

వెలుతురేమో అనుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ పిల్లను పక్కకు జరగమన్నాడు. పిల్ల జరిగింది. చార జరగలేదు.

"అమ్మా," అన్నాడు. "ఆ తెల్లచార ఎప్పటిది?"

"ఈ గాలికొచ్చిందే నాయనా," అంది కోటమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ. "నలభై ఏళ్ల నుంచి ఈ దూలం కిందే గదా పడుకునేది. నాకు తెలీదా. బడి నుంచి వచ్చి అట్టా నడుం వాల్చి చూద్దును గదా, కొత్తగా కనపడింది."

"మరి నాతో చెప్పలేదేమమ్మా?"

"నువ్వు పైనే ఉంటివి గదయ్యా. కిందికి దిగిందెప్పుడు?"

జిలానీ లేచాడు. మూలనున్న ధాన్యపు గాదె మీదికెక్కి, దూలం గోడలోకి దిగేచోట వేళ్లు దూర్చాడు. అంత దూలానికీ ఆ వైపు గోడ మీద మిగిలిన ఆనిక రెండు వేళ్లు. రెండంటే రెండే. పొగ సోకకుండా గోడలో దాగి ఉన్న చెక్క ఇప్పుడు ఇంట్లోకి వచ్చేసింది.

అంతా ఒక్క క్షణంలో కళ్లకు కట్టింది. గాలి ఈ ఇంటి పెంకుల్ని లాగలేదు. కప్పు మొత్తాన్ని ఎత్తింది, బెత్తెడు అవతల దించింది. ఒక్క పెంకూ జరగలేదంటే అన్నీ కలిసి జరిగాయన్నమాట. తను ఆ దూలం నడినెత్తిన నిలబడి "తెలుపు" అని కేకేశాడు.

కింద ఇరవై మంది పిల్లలు. ఉయ్యాల ఒకటి ఆ దూలానికే వేలాడుతోంది, అందులో పదిరోజుల బిడ్డ.

జిలానీ చప్పుడు కాకుండా గాదె దిగాడు. "కోటమ్మగారూ, పిల్లల్ని వాకిట్లోకి తీసుకెళ్లండి. పరిగెత్తనివ్వొద్దు. ఒక్కొక్కరిగా," అన్నాడు. ఉయ్యాల దగ్గరికి అతనే వెళ్లాడు. దూలానికి కుదుపు తగలకుండా బిడ్డను తీసి తల్లి చేతుల్లో పెట్టాడు.

తర్వాత చాప దగ్గరికి వచ్చాడు. "హజ్రత్, లేవండి."

"పిల్లల్ని వెళ్లనీ," అన్నారు లతీఫ్ షా గారు.

ఆఖరి పిల్ల గడప దాటేదాకా ఆయన దూలం కింద కదలకుండా పడుకునే ఉన్నారు. అప్పుడు చెయ్యి చాచారు. జిలానీ ఆ చెయ్యి పట్టుకుని లేపాడు.

బయటికి రాగానే కేక పెట్టాడు. "తమ్మయ్యగారూ, తెరచాప కొయ్యలు కావాలి. పొడుగువి రెండు."

కేక అందుకున్న పాలెం ఒక్కసారిగా లేచింది. పడవల మీంచి కొయ్యలు ఊడదీసి, భుజాల మీద వేసుకుని పరుగున తెచ్చారు. జిలానీ నలుగురినే లోపలికి రానిచ్చాడు. కింద బండరాయి వేశారు. కొయ్యను దూలం చివర కింద నిలబెట్టారు. రాయికీ కొయ్యకూ నడుమ చెక్క ముక్కలు దూర్చి సుత్తితో కొడుతుంటే బయట జాలర్లు వల లాగేటప్పటి పాట అందుకున్నారు. ఒక్కో పదానికి ఒక్కో దెబ్బ. పదో దెబ్బకు దూలం కిర్రుమంది. పన్నెండో దెబ్బకు వెంట్రుకవాసి పైకి లేచింది. రెండో కొయ్య కూడా బిగించాక జిలానీ దాన్ని కౌగిలించుకుని ఊపాడు. కదల్లేదు.

కోటమ్మ ఇల్లు నిలబడింది. కానీ జిలానీ నిలబడలేదు.

గోడ మీద తను వేయించిన తెల్లగుర్తు కనపడింది. తడిచేత్తో తుడిచేశాడు. పక్కింటికి వెళ్లి అక్కడా తుడిచాడు. తెల్లవీ, ఎర్రవీ, నలభై ఒక్క గుర్తులూ తుడిచేశాడు. పాలెం వాళ్లు నోరు తెరుచుకుని చూశారు.

"అదేంటి మేస్త్రీ?" అన్నాడు తమ్మయ్య. ఆగ్నేయం మూల అప్పటికే మబ్బు కాటుకలా దిగుతోంది. "గాలి టైము దగ్గర పడుతోంది."

"అందుకే," అన్నాడు జిలానీ.

ఈసారి నిచ్చెన అడగలేదు. ప్రతి గుమ్మంలోనూ ఆగి, "అమ్మా, లోపలికి రావచ్చా?" అన్నాడు. రమ్మనగానే వెళ్లి నేల మీద పడుకున్నాడు. పైకి చూస్తూనే అడిగాడు. "గాలి వచ్చి పోయాక మీ ఇంట్లో కొత్తగా ఏం కనపడుతోంది?"

మొదటి ఇంట్లో నవ్వారు. రెండో ఇంట్లో చెప్పారు. మూడో ఇంటికి వచ్చేసరికి, అడగకముందే ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు, చెప్పడానికి.

"మా వెనక తలుపు మొన్నటిదాకా వేలితో నెడితే తెరుచుకునేది. ఇప్పుడు భుజం పెట్టి నెట్టినా రావట్లా."

"పొయ్యి మీద మట్టి రాలుతోందయ్యా. కూర కుండలో పడింది."

"మా చూర్లో పిచ్చిక గూడుండేది. గాలికీ పోలేదు, మేమొచ్చేసరికి పిచ్చిక గూట్లోనే ఉంది. ఇందాక గూడొదిలి పోయింది."

తలుపు బిగుసుకున్న ఇంట్లో గోడ లోపలి వైపుకు ఒరిగి ఉంది. మట్టి రాలిన ఇంట్లో మూలవాసం నిలువునా చీలింది, పైన పెంకులు ముత్యాల్లా వరసగా ఉన్నాయి. పిచ్చిక గూడు దగ్గర జిలానీ చెవి ఆనించి విన్నాడు. చూరు మొత్తం మేకుల్లోంచి ఊడి గాలికి లేస్తూ పడుతూ ఉంది. అది గంగులు అనే జాలరి ఇల్లు. పొద్దున దాని మీదినుంచే జిలానీ పక్కింటి చూరు మీదికి దాటాడు.

అలా కీడే కనపడిందా అంటే, కాదు. మనిషిని గంతులు వేయించే సంగతులూ కనపడ్డాయి. పడమటి వాడలో ఒక ఇంటి మీద సగం పెంకులు లేవు. పొద్దున ఆ ఇంటి వంక రెండోసారి చూడకుండానే ఎరుపు వేశాడు. ఇప్పుడు కింద పడుకుని చూస్తే వాసాలు ఒక్కొక్కటీ నిన్న బిగించినట్టున్నాయి. పెంకులు ముందే ఎగిరిపోవడంతో గాలి ఆ సందుల్లోంచి దారి చేసుకుని వెళ్లిపోయింది, ఎముకను ముట్టుకోలేదు.

"తెరచాప గుడ్డ కప్పి తాళ్లతో కట్టండి," అన్నాడు. "ఇది రాయి. ఇందులో ఇరవై మంది ఉండొచ్చు."

ఆ ఇంటి ఇల్లాలు నమ్మలేక ముగ్గురిని అడిగింది. నమ్మాక వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. జిలానీ కళ్లు కూడా చెమ్మగిల్లాయి, కాని ఆగలేదు. పరిగెత్తాడు. వీపంతా మన్ను, జుట్టంతా నుసి. పాలెం పిల్లలు అతని వెంట పడ్డారు. "మేస్త్రీ మళ్లీ పడుకున్నాడు," అని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కబురు మోస్తున్నారు.

తెల్లగుర్తు తుడిచిన ఇళ్లలో, కోటమ్మది కాక, మూడు ఎర్రబడ్డాయి. ఎర్రగుర్తు తుడిచినవాటిలో తొమ్మిది తెల్లబడ్డాయి. ఆఖరి ఇంట్లోంచి అతను బయటికి వస్తుంటే మొదటి చినుకు మోచేతి మీద పడింది.

గాలి గంటసేపు కొట్టింది.

కోటమ్మ ఇంటి వాకిట్లో ఇప్పుడు ఎవరూ లేరు. అంతా మంచి ఇళ్లలో సర్దుకున్నారు. జిలానీ, లతీఫ్ షా గారు, పిల్లలు సగం మందీ తెరచాప కప్పిన ఆ ఇంట్లోనే ఉన్నారు. తలమీద గుడ్డ పటపటా కొట్టుకుంటోంది. వాసం ఒక్కటి కిర్రుమనలేదు. పిల్లలు గాలి హోరుకు గొంతు కలిపి అరుస్తుంటే, తల్లులు ముందు కసిరారు, తర్వాత వాళ్లూ నవ్వారు.

గాలి మధ్యలో దక్షిణపు వైపు నుంచి ఒక పెద్ద చప్పుడు వినపడింది. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

కాస్త తెరిపి ఇచ్చాక తమ్మయ్య తడిసి ముద్దై వచ్చాడు. "గంగులు ఇల్లు పడిపోయింది," అన్నాడు. "లోపల ఎవరూ లేరు. ఐదుగురూ మా ఇంట్లోనే ఉన్నారు."

జిలానీ తన పాదాల వంక చూసుకున్నాడు.

"హజ్రత్," అన్నాడు. "పొద్దున ఆ ఇంటి మీదినుంచే నేను దూకింది."

"చూశాను," అన్నారు గురువుగారు. "చాలా బాగా దూకావు."

జిలానీ లేచి, గుడ్డ కట్టిన తాళ్లు బిగించి వచ్చాడు.

తెల్లవారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఏటిపాయ అవతలి ఊరినుంచి ఒక పడవ వచ్చి ఒడ్డుకు తగిలింది. అందులోంచి ఆ ఊరి పెద్ద దిగి, జనంలో వెతుక్కుంటూ జిలానీ దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, నువ్వేనంట గదా. మా ఊళ్లో అరవై కప్పులు చూడాల. పొడుగు నిచ్చెనలు మూడు సిద్ధం చేయించా, మోసేదానికి మనుషుల్ని పెట్టా. ఇంకేం కావాలో చెప్పు."

జిలానీ అప్పటికే పడవ ఎక్కుతున్నాడు. ఒళ్లంతా నొప్పులు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంట్లో పెద్దవాళ్లను ఉండమనండి," అన్నాడు. "నాకు ఒక చాప చాలు."

"చాపెందుకయ్యా?"

"ముందు కాసేపు పడుకోవాలి."